డ్రయ్యర్ గాలి బయటికే పోవాలి

అనంతపురంలో ఏప్రిల్ ఎండకు మిద్దె మీద దండెం కట్టి ఆరేస్తే బట్టలు గంటలో పెళపెళలాడతాయి. అమెరికా కాండోల్లో, అంటే సొంత ఫ్లాట్లలో, ఆ వీలు ఉండదు. బాల్కనీలో ఆరేయకూడదని చాలా ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్లు నిబంధన పెడతాయి. కాబట్టి డ్రయ్యర్ కొనేముందు మీ గోడలో డ్రయ్యర్ గాలి బయటికి పోయే నాలుగంగుళాల గొట్టం ఉందో లేదో చూసుకోండి.

ఉంటే, అది లోపల నున్నగా ఉండే రేకు గొట్టమై ఉండాలి. ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ అనే భవన నిబంధనలు పాటించే చోట్ల దాని పొడవు 35 అడుగులు మించకూడదు. ప్రతి 90 డిగ్రీల మామూలు మలుపుకూ 5 అడుగులు తగ్గించాలి. రెండు మలుపులుంటే మిగిలేది 25. కాలిఫోర్నియాలో రెండు మలుపులతో కలిపి 14 అడుగులే. డ్రయ్యర్ కంపెనీ మాన్యువల్ ఇంకా ఎక్కువ పొడవు ఒప్పుకుంటే అది చెల్లుతుంది. అతుకులకు అల్యూమినియం టేపు వేయించండి. పొడవాటి స్క్రూలు లోపలికి పొడుచుకొస్తే బట్టల నుంచి రాలే నూగు వాటికి చిక్కుకుని పేరుకుంటుంది, దానికే తర్వాత నిప్పంటుకుంటుంది. బయటి మూతకు జాలీ పెట్టకూడదన్నదీ ఇందుకే. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం కనబడితే వెంటనే తీసేయించండి.

గొట్టం లేదని, నీళ్లు పోసిన డబ్బాలోకి గాలి వదిలే కిట్లు చవగ్గా దొరుకుతాయి. కొనకండి. ఒక వాయి బట్టల నుంచి రెండు లీటర్ల దాకా నీరు ఆవిరై ఇంట్లోనే తిరుగుతుంది, గోడలకు బూజు పడుతుంది. గ్యాస్ డ్రయ్యర్‌కైతే ప్రాణాలకే ముప్పు, కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది.

అలాంటి కాండోకు గాలిని బయటికి వదలకుండా లోపలే తిప్పి ఆరబెట్టే హీట్ పంప్ డ్రయ్యర్ సరైనది. దానికి గొట్టం అక్కర్లేదు, నీళ్లు డబ్బాలోకో డ్రెయిన్‌లోకో పోతాయి. 120 వోల్టుల మామూలు ప్లగ్గుతో నడిచేవీ ఉన్నాయి. పాతరకం ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు 240 వోల్టులు, 30 ఆంపియర్ల లైను కావాలి. హీట్ పంప్ దాంట్లో ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అయినా బట్ట పాడవదు. ఏది పెట్టినా అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. గోడకు కొత్తగా రంధ్రం కొట్టడం మాత్రం మీ చేతిలో లేని పని, బయటి గోడ సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి.

కర్నూలు నుంచో కడప నుంచో అమ్మానాన్నలు వచ్చినప్పుడు డ్రయ్యర్ లోపల నూగు పట్టే జాలీ ఎక్కడుందో తీసి చూపించండి. నూలు చీరలు, లుంగీలు, తువ్వాళ్లు చాలా నూగు వదులుతాయి. ప్రతి వాయికీ జాలీ తుడవాలి, గొట్టం ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. ఒక వాయి ఆరడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పడుతుంటే ఏడాది దాకా ఆగకుండా శుభ్రం చేసేవాళ్లను అప్పుడే పిలిపించండి.