బాపు మాట ఎత్తని ఇల్లు

హనుమకొండ నుంచి ఒక తల్లి రాశారు. భర్త గుండెపోటుతో పోయి మూడేళ్లు. ఒక్కతే బిడ్డ, ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో ‘ది ప్రోగ్రామ్’, ‘ది గివర్’ లాంటి ఇంగ్లిష్ నవలలు చదువుతోందట. అన్నీ మనుషుల జ్ఞాపకాలు తుడిచేసే లోకాల కథలే. ‘ఇవి చదివితే మనసు చెడిపోదా? ఎప్‌సెట్ అయ్యేదాకా ఫోన్ గుంజుకోవాల్నా?’ అని అడిగారు. చివర్లో ఇంకో రెండు మూడు ముక్కలు: ‘ఫీజు మా బావగారే కడుతున్నరు. ఆయన చెప్తే మా ఆయన ఫొటో తీసి బీరువాల పెట్టిన, స్కూటర్ అమ్మినం. బిడ్డ బాధపడుతదని ఇంట్ల ఆయన మాట ఎత్తం.’

అమ్మా, ఫోన్ సంగతి ముందు తేల్చేద్దాం. రాత్రి పదిన్నరకు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టించండి, మీదీ పక్కనే పెట్టండి. ఆ వయసుకు కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి. నవల మాత్రం ఆపొద్దు. అచ్చు పుస్తకం కొనివ్వండి, పగలు చదువుకుంటుంది. మీరు అడిగిన దానికి ఇంతే జవాబు. అడగకుండా చివర్లో రాసిన ముక్కల దగ్గరే ఆగాల్సి ఉంది.

మీ బిడ్డ ఏం చదువుతోందో వినండి. సుజాన్ యంగ్ 2013లో రాసిన ‘ది ప్రోగ్రామ్’లో అన్న చనిపోయిన ఒక అమ్మాయి ఉంటుంది. దిగులుగా కనిపించిన పిల్లల్ని చికిత్స పేరుతో ఆరు వారాలు తీసుకుపోయి, నొప్పి పెట్టే జ్ఞాపకాలు తీసేసి పంపుతారు. తల్లిదండ్రులే పట్టిస్తారేమోనని ఆ అమ్మాయి వాళ్ల ముందు కంటతడి పెట్టదు. తిరిగొచ్చిన పిల్లలకు దిగులుతో పాటు తాము ప్రేమించిన మనుషులూ గుర్తుండరు. ఇక లోయిస్ లోరీ 1993లో రాసిన ‘ది గివర్’లో ఊరందరి పాత జ్ఞాపకాలనూ ఒక్క ముసలాయన మోస్తుంటాడు. మిగతావాళ్లకు బాధ లేదు, రంగులూ కనిపించవు. పన్నెండేళ్ల పిల్లవాడు ఆ జ్ఞాపకాలు అందుకుంటాడు. మంచు మీద జారే సంతోషం ముందు వస్తుంది, యుద్ధం తర్వాత వస్తుంది. ఒకటి కావాలంటే రెండోది కూడా మోయాల్సిందే.

పదిహేడేళ్ల పిల్లలు ఈ కథలకు ఎందుకు అతుక్కుంటారో అర్థమైందా? వీటిలో పెద్దవాళ్లు దుర్మార్గులు కారు. ‘నీ మంచికే’ అంటూ పిల్లల మనసులోంచి మనుషుల్ని తీసేస్తారు. మీ ఇంట్లో జరిగింది అదే. ఫొటో పోయింది, స్కూటర్ పోయింది, బాపు అన్న మాటే పోయింది. బిడ్డకు కష్టం పుస్తకంతో రాలేదు. తన ఇంటి సంగతి చెప్పే మనిషి ఇంట్లో దొరకక పుస్తకంలో వెతుక్కుంటోంది.

ఇంకో మాట, కష్టంగా ఉన్నా చెబుతాను. బిడ్డ బాధపడుతుందని రాశారు గానీ, ఆయన పేరెత్తితే ముందు తట్టుకోలేనిది మీరే. ఏడిస్తే ఇల్లు కూలుతుందని భయపడి బిడ్డను అడ్డం పెట్టుకున్నారు. తండ్రి కోసం ఏడ్చే హక్కు ఆ పిల్లకు ఉంది. ఆ ఏడుపుకు చోటివ్వడం తల్లిగా మీ బాధ్యత.

ఎదురుగా కూర్చోబెట్టి ‘నీతో మాట్లాడాలి’ అని మొదలుపెట్టకండి, భయపడి మూసుకుపోతుంది. ఇద్దరూ చిక్కుడుకాయ తుంచుతున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో ‘ఆ పుస్తకంల ఏమైందే?’ అని అడగండి. తెలుగులో చెప్పించుకోండి, మధ్యలో నీతి చెప్పొద్దు. రెండు మూడు రోజులు కథే వినండి. తర్వాత ఒక రోజు మీరే ఆయన గురించి చిన్న విషయం ఎత్తండి: ఆయనకు ఏ కూర ఇష్టమో, దేనికి కోపమొచ్చేదో. ఆమె ఏడిస్తే ‘ఊకో బిడ్డా’ అనొద్దు. పక్కనే కూర్చోండి, మీకూ ఏడుపొస్తే ఏడవండి. చాలా ఇళ్లలో ఈ ప్రయత్నం చెడేది ఇక్కడే: పిల్ల ఏడవగానే తల్లి భయపడి నీళ్లు తెచ్చి, మాట మార్చి, టీవీ పెడుతుంది. పిల్ల ఇంకెప్పుడూ నోరు తెరవదు.

కోపం కూడా వస్తుంది. ‘నన్ను అడగకుంట బాపు స్కూటర్ ఎట్ల అమ్మిన్రు?’ అని అరుస్తుంది. నీ మంచికేనని సమర్థించుకోకండి. ‘అడగాల్సింది, అడగలే, తప్పు నాదే’ అనండి, అంతకు మించి వద్దు. బీరువా తాళం ఆమె చేతికివ్వండి, ఫొటో ఎక్కడ పెట్టాలో ఆమెనే చెప్పనివ్వండి. వచ్చే పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఆమెను పక్కన నిలబెట్టుకోండి, ఆయనకు ఇష్టమైన కూర ఆమెతో వండించండి. సాయంత్రం బతుకమ్మకు ఇద్దరూ కలిసి వెళ్లండి.

బావగారు ఫీజు కడుతున్నారు, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఫీజు కట్టినంత మాత్రాన మీ భర్త ఫొటో ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు రాదు. ఆ మాట ఆయనకు గౌరవంగా, సూటిగా మీరే చెప్పండి. బిడ్డతో చెప్పించకండి.

మామూలు దుఃఖం వేరు, జబ్బు వేరు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, తిండి తగ్గడం, స్నేహితులను వదిలేయడం, ఇష్టమైన నవల కూడా ముట్టుకోకపోవడం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ నవలల్లో ఆత్మహత్యల ప్రస్తావన ఉంది కాబట్టి, ‘చచ్చిపోవాలని ఎప్పుడన్న అనిపించిందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మాత్రలు, పురుగుల మందు ఆమెకు అందకుండా చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.

ఈ నవలలు చదివిన పిల్లలకు చికిత్స అంటే జ్ఞాపకాలు తుడిచేయడమే అన్న భయం ఉండొచ్చు. అది కథలో మాట. దిగులుకు ఇచ్చే మాత్రలు ఎవరినీ మరిపించవు. పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపొద్దు. ఈ సంగతి బయల్దేరే ముందే ఆమెకు చెప్పండి. అక్కడ కొంతసేపు ఆమెను డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి, లోపల ఏం చెప్పావని ఇంటికొచ్చాక అడగకండి.