పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్‌కి: రోడ్డా, ఓడా?

అమ్మానాన్నలతో అండమాన్ వస్తున్నామని, మాయాబందర్‌కి రోడ్డు మీద వెళ్లొచ్చా, దారిలో జారవాలు (ఇక్కడి అడవుల్లో ఉండే ఆదివాసులు) కనిపిస్తారా అని ఒకరు అడిగారు. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటాను (2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది). పని మీద ఆ దారిలో తిరుగుతుంటాను కాబట్టి రాస్తున్నా.

రోడ్డు మీద వెళ్లొచ్చు. అదే అండమాన్ ట్రంక్ రోడ్డు, ఇప్పటి జాతీయ రహదారి 4. మాయాబందర్ దాటి డిగ్లీపూర్ దాకా పోతుంది. ఇక్కడ సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది, కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బస్సులు, లారీలు, టాక్సీలు అన్నీ వరసగా ఆగుతాయి. గుర్తింపు కార్డు చూపించి, ఫారం నింపి, కాన్వాయ్ (బళ్లన్నీ కలిసి వరసగా వెళ్లే గుంపు) టైమ్ కోసం కూర్చోవాలి. టీ కొట్ల దగ్గర తెలుగు మాటలు వినపడితే ఆశ్చర్యపోకండి, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

గేటు ఎత్తాక సుమారు 50 కిలోమీటర్లు జారవాల అడవి. మధ్యలో బండి ఆపకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఫొటో తీయకూడదు, తినేవేవీ విసరకూడదు. దయచేసి వాళ్లను చూడాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు. జారవాలు కొన్ని వందల మందే ఉన్నారు. 1990ల చివర్లో బయటివాళ్లతో కలవడం మొదలైంది, 1999లోనే తట్టు సోకింది. మనకు మామూలుగా తగ్గిపోయే జబ్బు వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఆ అడవిలో రోడ్డు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. డబ్బులిచ్చి వాళ్లను చూపించమని డ్రైవర్‌ని అడిగేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. మనం వాళ్ల ఇంట్లోంచి నడిచిపోతున్నాం. ఆ కాసేపూ అద్దాలు ఎత్తి కూర్చుంటే చాలు.

అలాగని రోడ్డు వద్దనడం కూడా నాకు తేలిక కాదు. వానాకాలంలో సముద్రం రేగితే ఓడలు ఆగిపోతాయి. మాయాబందర్, డిగ్లీపూర్‌లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పెద్దాసుపత్రి ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లోనే.

అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ అనే సన్నటి సముద్రపాయ. అక్కడ బస్సుతో సహా బల్లకట్టు లాంటి ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ దీవిలో దిగుతారు. మనుషులు దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడతారు, రెండు వైపులా మడ అడవి నీళ్లలోకి వంగి ఉంటుంది. సున్నపురాయి గుహలకు పడవలు ఇక్కడి నుంచే. తర్వాత కదంతలా, రంగత్, మాయాబందర్.

పెద్దవాళ్లున్నారు కాబట్టి ఒకేరోజులో లాగొద్దు, రంగత్‌లో ఒక రాత్రి ఆగండి. మలుపులు ఎక్కువ, వాంతుల మాత్రలు దగ్గర పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి ప్రభుత్వ ఓడలో టికెట్లు దొరికి, సముద్రం ప్రశాంతంగా ఉంటే అందులోనే వచ్చేయండి. అడవిలో ఒక బండి తగ్గుతుంది, అమ్మానాన్నలకు నడుము నొప్పీ తప్పుతుంది.