ఆ 50 గంటలు మీ అమ్మాయివి సార్

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయికి 27 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసింది. టెట్‌లో మంచి మార్కులే వచ్చాయి గానీ 2025 మెగా డీఎస్సీలో కొద్దిలో పోయింది. విజయవాడలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో చెబుతోంది, జీతం 24 వేలు. ఏడాదికి 50 గంటల సీపీడీ (ఉద్యోగం చేస్తూనే తీసుకునే వృత్తి శిక్షణ) చూపించమని స్కూలు వాళ్లు అడుగుతున్నారు. పొద్దున ఆరున్నరకు వెళ్తే రాత్రి ఏడింటికి వస్తుంది. పాపం అలిసిపోతోందని, తను పడుకున్నాక, టీచర్ల శిక్షణకు ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌లో మాడ్యూల్స్ నేనే పూర్తి చేస్తున్నాను. ఇప్పుడు ఒక సంస్థ వాళ్లు 28 వేలకు ఇంటర్నేషనల్ టీచర్ సర్టిఫికెట్ ఇస్తాం, 120 సీపీడీ పాయింట్లు వస్తాయి అంటున్నారు. 2 వేలు అడ్వాన్స్ కట్టాను. దీక్ష, సీబీఎస్ఈ ట్రైనింగులు, ఈ కోర్సు, మూడింటిలో ఏది మేలు? డీఎస్సీకి, విదేశాలకు ఏది పనికొస్తుంది? బంధువులంతా ‘ఇంకా ప్రైవేటు స్కూలేనా?’ అంటుంటే తల ఎత్తుకోలేకపోతున్నాం.

జవాబు: నమస్కారమండీ. మూడింటినీ పోల్చి చెబుతాను. కానీ మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే అసలు ప్రశ్న అని నాకనిపించింది. టీచర్ల తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి సర్టిఫికెట్ల గురించి మొదలుపెడతారు. పది నిమిషాలు కూర్చున్నాక మాట పెళ్లి సంబంధాల దగ్గరికో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మేనల్లుడి జీతం దగ్గరికో వచ్చేస్తుంది. మీ టెన్షన్ నాకు అర్థమైంది. అందుకే ముందు కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి.

మీరు చేస్తున్న పని తప్పు సార్. బిడ్డ మీద ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ పాఠం విన్నది మీరు, క్విజ్ రాసింది మీరు, సర్టిఫికెట్ మీద పేరు ఆవిడది. దీక్షలో ఉండే నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కోర్సుల్లో, చివరి పరీక్షలో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ 70 శాతం మీకొచ్చింది, ఆవిడకు రాలేదు. రేపు ప్రిన్సిపాల్ గారు ‘ఆ మాడ్యూల్లో చెప్పింది మీ క్లాసులో ఎలా చేశారమ్మా?’ అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? తలొంచుకుని నిలబడాల్సింది తనే కదా.

ఇంకో సంగతి. 50 గంటల మాట 2020 జాతీయ విద్యావిధానంలోనిది. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా తనను తాను మెరుగుపరుచుకోవాలని, అది కూడా తన ఆసక్తిని బట్టి జరగాలని అందులో రాశారు. స్కూళ్లలో గంటలు మిగిలాయి, ఆసక్తి సంగతి జారిపోయింది. మీ ఇంట్లో గంటలు కూడా మీరే తీసేసుకున్నారు. మీ అమ్మాయికి దేని మీద ఆసక్తో ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో తన మార్కులున్నాయి, జీతం ఉంది, బయల్దేరే టైము ఉంది. తనకేం కావాలో ఒక్క మాట లేదు.

ఇక ఆ 28 వేల కోర్సు. ఈ మధ్య బెజవాడ, గుంటూరు టీచర్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఇవే. బంగారు అంచు సర్టిఫికెట్, పేరుకు ముందు ‘ఇంటర్నేషనల్’, కింద పాయింట్లు. నాకు వీటి మీద చాలా అనుమానాలున్నాయి. మొదటిది ఆ పాయింట్ల గురించే. మన దగ్గర సీపీడీని గంటల్లో లెక్కపెడతారు. పాయింట్ల పద్ధతి నిజంగా ఉన్న దేశాలు వేరే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో టీచర్లు మూడేళ్లకు 150 పాయింట్లు సంపాదించాలి. అక్కడి టీచర్ల కౌన్సిల్ ఆ లెక్క చూస్తుంది. మీకు అమ్ముతున్న 120 పాయింట్లు ఏ ఖాతాలో జమవుతాయి? ఎవరు లెక్క చూస్తారు? ఈ ఒక్క ప్రశ్న వాళ్లను అడగండి. నేను ఇద్దరు ముగ్గురి తరఫున ఫోన్ చేసి అడిగాను. ‘మా సర్టిఫికెట్‌కి వరల్డ్‌వైడ్ వాల్యూ ఉంది మేడమ్’ అన్నారు తప్ప ఏ ప్రభుత్వం, ఏ బోర్డు ఒప్పుకుంటుందో చెప్పలేదు.

విదేశాలంటారా, ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే టీచర్ హోదాకు మన దేశంలో చదివిన లెక్కల టీచర్లు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ చూసేది డిగ్రీ, టీచర్ శిక్షణ, బోధనానుభవం. అంటే మీ అమ్మాయి బీఈడీ, ఇప్పుడు మీరు చిన్నచూపు చూస్తున్న ఆ స్కూలు ఉద్యోగం. ‘ఏఐ ఫర్ టీచర్స్’ అంటూ రెండు గంటల వెబినార్ చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల గురించీ ఇదే చెబుతాను. ఏఐ నేర్చుకోవద్దనను. రెండు గంటలు కెమెరా ఆపేసి కూర్చుంటే అది నేర్చుకోవడం కాదు.

మీరు యార్డులో పనిచేస్తారు కాబట్టి మీకు తెలిసిన మాటే చెబుతాను. టిక్కీ బస్తా మీద ఏ చీటీ అంటించినా, కొనేవాడు కాయ చేతిలోకి తీసుకుని విరిచి చూసే కదా ధర చెబుతాడు. మంచి స్కూల్లో ఇంటర్వ్యూ కూడా అంతే. ఫైలు పక్కన పెట్టి, సుద్దముక్క చేతికిచ్చి డెమో క్లాసు చెప్పమంటారు.

ఒకమ్మాయి 31 సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. ‘వీటిలో నీ క్లాసును మార్చిన సర్టిఫికెట్ ఏదమ్మా?’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి అట్ట చిరిగిన ఒక నోటు పుస్తకం తీసింది. ఆరో తరగతిలో 1/4 పెద్దదా, 1/8 పెద్దదా అని అడిగితే సగం మంది 1/8 అన్నారట, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి. స్కూల్లోనే ఒక సీనియర్ టీచర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూస్తే, ఆవిడ పిల్లలకు పాత పేపర్లు ఇచ్చి ఒకదాన్ని నాలుగు సమాన భాగాలుగా, ఇంకోదాన్ని ఎనిమిది భాగాలుగా మడత పెట్టించి ఏ ముక్క పెద్దదో వాళ్ల చేతే చెప్పించిందట. ఈ అమ్మాయి మర్నాడు తన క్లాసులో అదే చేసింది. ఏ పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో, రెండో రోజు ఎవరికి వచ్చిందో తేదీ వేసి రాసుకుంది. ఆ పుస్తకం ముందు పెట్టి, 31 సర్టిఫికెట్లు వెనక పెట్టి ఇంటర్వ్యూకి వెళ్లమన్నాను. ఇంటర్వ్యూ అరగంటా ఆ పుస్తకం మీదే నడిచిందని తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

అలా తోటి టీచర్ క్లాసు చూడటం, కూర్చుని చర్చించుకోవడం కూడా సీపీడీయే. సీబీఎస్ఈ లెక్కలో 50 గంటల్లో 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగతా 25 స్కూల్లోనే చేయొచ్చు. ఈ రెండో 25 గంటలను చాలా స్కూళ్లు సరిగ్గా జరపడం లేదు, రిజిస్టర్‌లో సంతకాలతో సరిపెడుతున్నాయి. మీ అమ్మాయిని ప్రిన్సిపాల్ గారితో మాట్లాడమనండి. నెలకు రెండు పీరియడ్లు ఇంకొకరి క్లాసు చూడనిస్తే చాలు. మొదటి 25 గంటలకు సీబీఎస్ఈ ప్రాంతీయ కార్యాలయం విజయవాడలోనే ఉంది, ట్రైనింగుల వివరాలు స్కూల్లో అడిగితే తెలుస్తాయి. దీక్ష ఉచితం. వారానికి ఒక గంట, ఆదివారం పొద్దున కాఫీ తాగాక, తనే చూస్తే ఏడాదికి 50 గంటలు దాటుతుంది. పోలిక ఇంతే సార్, దీనికి 28 వేలు అక్కర్లేదు.

డీఎస్సీ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు కాబట్టి ఒక్కటే చెబుతాను. స్కూల్ అసిస్టెంట్‌కి పరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. సీపీడీకి అందులో ఒక్క మార్కు కూడా లేదు. డీఎస్సీ కోసమే అయితే ఆ డబ్బు, ఆ టైము ప్రిపరేషన్‌కి పెట్టండి.

మీరు మరిచిపోతున్నది ఒకటుంది. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలిన టీచర్లు కూడా టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న వాళ్లు కూడా టెట్ పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. మీ అమ్మాయి 27 ఏళ్లకే ఆ గడప దాటింది. ఎమ్మెస్సీ ఉంది, బీఈడీ ఉంది, సీబీఎస్ఈలో అనుభవం ఉంది. లెక్కలు బాగా చెప్పే టీచర్ కోసం విజయవాడలో ప్రిన్సిపాళ్లు ఏటా మార్చి నుంచే వెతుకుతుంటారు. కొద్దిలో పోయిన డీఎస్సీ మళ్లీ రాసుకోవచ్చు. తన చేతిలో ఏమీ లేదన్నట్టు మీరు బంధువుల ముందు తల దించుకుంటే, అది చూసి తనూ అలాగే అనుకుంటుంది. ‘మా అమ్మాయి లెక్కల టీచరండీ’ అని చెప్పండి. అందులో దాచుకోవాల్సింది ఏముంది?

ఈ రాత్రి దీక్ష పాస్‌వర్డ్ తనకిచ్చేయండి. ఇన్నాళ్లూ మీరు చేసిన మాడ్యూల్స్ ఏవేవో చెప్పి, మళ్లీ తనే చూసుకోమనండి. వాటి సర్టిఫికెట్లు స్కూల్లో ఇవ్వొద్దనండి. ఆ సంస్థకు ఫోన్ చేసి మిగతా 26 వేలు కట్టట్లేదని చెప్పండి. అడ్వాన్స్ 2 వేలు వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోనివ్వండి. అన్నం తినేటప్పుడు టీవీ ఆపి, ఈ వారం క్లాసులో ఏం జరిగిందమ్మా అని అడగండి.