షార్జాలో కంపెనీ, తాడిపత్రిలో అగ్రిమెంటు

ప్రశ్న: మాది తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ, రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. షార్జాలో కంపెనీ పెట్టి, గోడౌన్ తీసుకుని, ఇక్కడి నుంచి ఆరుగురిని పంపాలనుకుంటున్నాం. మూడేళ్లు పనిచేయాలని, మధ్యలో వచ్చేస్తే లక్ష కట్టాలని ఇక్కడే స్టాంపు పేపరు మీద రాయించుకోవచ్చా? వీసా, టికెట్ ఖర్చు జీతంలో నెలనెలా పట్టుకోవచ్చా? పాస్‌పోర్టులు మేనేజరు దగ్గర ఉంచుదామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మూడూ కుదరవు. పని ఎక్కడ జరుగుతుందో అక్కడి కార్మిక చట్టమే మీకు వర్తిస్తుంది. యూఏఈలో అది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. అది కార్మికుడికి ఇచ్చిన హక్కును తగ్గించే షరతు ఎక్కడ రాసుకున్నా చెల్లదు. మీ స్టాంపు పేపరు అక్కడ పనికిరాకపోగా, వాళ్ల చేతిలో మీమీద సాక్ష్యమవుతుంది.

ఒప్పందం గడువుతో రాసుకున్నా, సరైన కారణం చూపి 30 నుంచి 90 రోజుల్లోపు ఎంత నోటీసు రాసుకుంటే అంత ఇచ్చి ఎవరైనా తప్పుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా పోతే ఆ రోజుల జీతం మేరకే పరిహారం, మీరు రాసిన లక్ష కాదు. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఆ లోపు మీరు తీసేసినా, అతను దేశం విడిచి వచ్చేసినా 14 రోజుల నోటీసు చాలు. ప్రొబేషన్‌లోనే అక్కడ ఇంకో కంపెనీకి మారితే నెల నోటీసు ఇవ్వాలి. అప్పుడు మీరు పెట్టిన వీసా ఖర్చును ఆ కొత్త యజమాని నుంచి అడగవచ్చు. కార్మికుడి జీతంలో పట్టుకోవడం మాత్రం నేరుగా గానీ దొడ్డిదారిన గానీ నిషేధం. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడమూ అంతే. మేనేజరుకు ఈ మాట ముందే గట్టిగా చెప్పండి, ఫిర్యాదులు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

మనవాళ్లు తరచూ దెబ్బతినేది జీతం అంకెల దగ్గర. ఇక్కడ నోటిమాటగా 1,800 దిర్హాములంటారు, అక్కడ కాగితం మీద బేసిక్ 1,200, మిగతాది అలవెన్సని రాస్తారు. అలా రాయడం తప్పు కాదు, చెప్పకుండా రాయడమే తగువు. ఆఫర్ లెటరు తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి. గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కిస్తారు: ఏడాది నిండితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన 30 రోజులు. బేసిక్ 1,200 అయితే రోజుకు 40 దిర్హాములు, ఏడాదికి 840. మూడేళ్లకు 2,520, ఏడేళ్లకు 6,600. పని మానిన 14 రోజుల్లో బాకీలన్నీ తీర్చాలి. జీతాలు డబ్ల్యూపీఎస్ (జీతాల చెల్లింపును ప్రభుత్వం గమనించే పద్ధతి) ద్వారా బ్యాంకు ఖాతాల్లోకి పోవాలి. ఆలస్యమైతే కొత్త వర్క్ పర్మిట్లు ఆపేస్తారు.

మీది బండల వ్యాపారం కాబట్టి ఇంకో సంగతి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. ఒంటిగంటకు కంటైనరు వచ్చి నిలబడిందని యార్డులోకి దింపారో, మనిషికి 5,000 దిర్హాముల జరిమానా. క్లియరింగ్ ఏజెంటుతో లారీ టైము ముందే మాట్లాడుకోండి.

లైసెన్సు విషయానికొస్తే, సరుకు అక్కడి కాంట్రాక్టర్లకే అమ్మేటట్లయితే మెయిన్‌ల్యాండ్ (దేశంలో ఎక్కడైనా అమ్ముకునే మామూలు లైసెన్సు) మేలు. 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాల్లో లోకల్ భాగస్వామికి 51 శాతం ఇవ్వాల్సిన పని లేదు. వేరే దేశాలకు మళ్లించేదైతే ఫ్రీజోన్ (ప్రత్యేక వాణిజ్య ప్రాంతం) లైసెన్సు చూడండి. అమ్మకాలు ఏడాదికి 3,75,000 దిర్హాములు దాటితే 5 శాతం వ్యాట్‌కు రిజిస్టరు కావాలి. లాభంలో అదే అంకె దాటిన భాగానికి 9 శాతం కార్పొరేట్ పన్ను.

ఇక మన వైపు. డబ్బు పంపేముందు మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి యూఐఎన్ (ఆ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు) నంబరు తీసుకోవాలి. ఆటోమేటిక్ రూట్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని దారిలో) పరిమితి ఫర్మ్ నెట్‌వర్త్‌కు (అప్పులు పోను మిగిలే ఆస్తికి) 400 శాతం. షేరు సర్టిఫికెట్లు ఆరు నెలల్లో బ్యాంకుకు ఇవ్వాలి. ఏటా జులై 15కు ఎఫ్‌ఎల్‌ఏ రిటర్ను (విదేశీ ఆస్తిఅప్పుల లెక్క), డిసెంబరు 31కి ఏపీఆర్ (అక్కడి కంపెనీ వార్షిక పనితీరు నివేదిక) ఇవ్వాలి. ఇవి తప్పితే లేటు ఫీజు కట్టి సరిచేసుకునేదాకా మళ్లీ డబ్బు పంపలేరు. ఎగుమతి చేసిన బండల డబ్బును బ్యాంకుకు చెప్పకుండా అక్కడే ఆపి గోడౌన్‌కు అడ్వాన్సు ఇవ్వడం చాలామంది చేసే పని. అది ఫెమా (విదేశీ మారకం చట్టం) ఉల్లంఘన.

ఆరుగురిలో పదో తరగతి పాసు కానివాళ్లుంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ఉంటుంది. వాళ్లకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఈమైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్సు, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్చుకుందామనుకోవద్దు.

ప్రశ్న: మా బావమరిది కువైట్‌లో ఖాదిమ్ వీసా మీద ఉన్నాడు. కువైటీ లైసెన్సు మీద బకాలా (కిరాణా అంగడి) నడుపుతూ నన్ను 15 లక్షలు పెట్టమంటున్నాడు. పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పెట్టకండి. ఖాదిమ్ వీసా అంటే 20వ ఆర్టికల్ అకామా (నివాస అనుమతి), కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో పనికి మాత్రమే. అంగట్లో పట్టుబడితే తిప్పి పంపేస్తారు, సరుకు లైసెన్సుదారుకే మిగులుతుంది. అంగట్లో జీతానికి చేసేవాళ్లది 18వ ఆర్టికల్ అకామా, వాటాదారుది 19వది. మామూలు కంపెనీలో 51 శాతం కువైటీదే ఉండాలి. మీ పేరు కంపెనీ కాగితాల్లో లేకుండా మీ 49 శాతం అడగడానికి ఆధారమే ఉండదు. కాగితాలు సరిగ్గా కుదిరితే డబ్బు బ్యాంకు ద్వారా, ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపండి. ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. ఐటీ రిటర్నులో దాన్ని పన్ను కింద సర్దుకోవచ్చు, లేదా వెనక్కి తీసుకోవచ్చు.