స్టాండప్‌లో సీనియర్ల మౌనం

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మిది మంది ఉన్న టీమ్‌కు నేను లీడ్‌ను. నాలుగు నెలల క్రితం యాజమాన్యం రెండు రోజుల శిక్షణ ఇచ్చి మమ్మల్ని వాటర్‌ఫాల్ (ఒక దశ ముగిశాకే మరో దశ మొదలుపెట్టే పద్ధతి) నుంచి స్క్రమ్‌కు (చిన్న విడతలుగా పని పూర్తిచేసే పద్ధతి) మార్చింది. రోజువారీ టీమ్ సమావేశమైన స్టాండప్ 40 నిమిషాలు సాగుతోంది. మేనేజర్ గారు జిరా (పనుల చిట్టా ఉండే సాఫ్ట్‌వేర్) తెరిచి ఒక్కొక్కరినీ అడుగుతారు. సీనియర్లు మాత్రం "నిన్నటి పనే నడుస్తోంది" అని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటున్నారు. టీమ్‌లో ముగ్గురు ప్రొడక్షన్ సపోర్ట్ (వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు తీర్చే పని) కూడా చూస్తారు, స్క్రమ్ తమకు కుదరదంటున్నారు. టీమ్ మనసు మార్చడం ఎలా?

జవాబు: మనసుల సంగతి తరువాత, ముందు ఆ 40 నిమిషాల సంగతి చూడండి. స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ ప్రకారం ఈ సమావేశం 15 నిమిషాలకు మించకూడదు. అది డెవలపర్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడానికే తప్ప పైవారికి లెక్క అప్పజెప్పడానికి కాదు. "ఇది ఇంకా ఎందుకు కాలేదు?" అని మేనేజర్ గారు అడిగిన మరుక్షణం తెలివైనవాడెవడైనా తక్కువే మాట్లాడతాడు.

ఈ మొరాయింపు సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కాదు. అమెరికాలోని వర్జీనియాలో హార్వుడ్ పైజమాల కర్మాగారంలో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ చేసిన అధ్యయనం 1948లో వెలువడింది. ఇస్త్రీ చేసిన పైజమాలను అట్టముక్క మీద అరడజను చొప్పున పేర్చే కార్మికులను ఇకపై పెట్టెలో పేర్చమన్నారు, అంతే మార్పు. కారణం వివరించి, కొత్త కూలి రేటు ప్రకటించి, సందేహాలు తీర్చి పనిలోకి పంపిన ఆ బృందంలో 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు. మార్పును రూపొందించడంలో కార్మికులకే పాలు ఇచ్చిన ఇతర బృందాలలో ఆ వ్యవధిలో ఒక్కరూ మానలేదు. మీవారికి దక్కిన రెండు రోజుల శిక్షణ మొదటి రకానిదే.

కాబట్టి రెండు స్ప్రింట్ల (రెండేసి వారాల పని విడతల) పాటు స్టాండప్‌కు రావద్దని మేనేజర్ గారిని కోరండి. పురోగతిని స్ప్రింట్ రివ్యూలో (విడత చివర పనిని చూపించే సమావేశంలో), నడుస్తున్న సాఫ్ట్‌వేర్ రూపంలోనే చూపిస్తామని మాట ఇవ్వండి. రెట్రోస్పెక్టివ్‌లో (పని తీరును టీమ్ సమీక్షించుకునే సమావేశంలో) తమకు అడ్డుగా ఉన్న ఒక్క విషయాన్ని టీమ్‌నే ఎంచుకోనివ్వండి, మరుసటి స్ప్రింట్‌లోనే దాన్ని మార్చి చూపండి. స్టోరీ పాయింట్లతో, అంటే పని ఎంత పెద్దదో అంచనా వేసే అంకెలతో, మనుషులను పోల్చే అలవాటు ఉంటే (చాలాచోట్ల ఉంటుంది) వెంటనే మానిపించండి.

సపోర్ట్ చూసే ఆ ముగ్గురి అభ్యంతరం మాత్రం నా దృష్టిలో న్యాయమైనదే. ఏ గంటకు ఏ టికెట్ (నమోదైన సమస్య) వస్తుందో తెలియనివారిని రెండు వారాల ప్రణాళికకు కట్టివేయలేము. ఒకేసారి చేతిలో ఉండే పనులకు పరిమితి పెట్టే కాన్‌బాన్ బోర్డు వారికి సరిపోతుంది. దాన్ని ఎలా గీయాలో వారినే అడగండి.