మాయా మహిళలకు చిన్న అప్పులు ఎంతవరకు పనికొస్తాయి?

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా పల్లెల్లో, మాయా అనే మూలవాసీ జాతి మహిళలు చిన్న అప్పులతో వ్యాపారంలో నిలదొక్కుకోగలరా అన్నది ప్రశ్న. ఆసరా అయితే దొరుకుతుంది, పేదరికం మాత్రం దాంతోనే పోదు.

పొలం ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటుంది, బ్యాంకులో తాకట్టు పెట్టడానికి వీళ్ల దగ్గర ఏమీ ఉండదు. మాట్లాడేది కిచే, కక్చికెల్ లాంటి భాషలు, కాగితాలేమో స్పానిష్‌లో. అందుకే ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జ్ లాంటి సంస్థలు కొందరిని జట్టుగా చేర్చి, ఒకరికొకరి హామీ మీద అప్పిస్తాయి. మన డ్వాక్రా గుర్తొస్తుంది కదా! కాకపోతే మన దగ్గర ముందు పొదుపు, తర్వాతే అప్పు.

నేతనే తీసుకోండి. నడుముకు పట్టీ బిగించుకుని నేసే మగ్గం మీద ఉయిపిల్ అనే రవిక పూర్తవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నూలు ముందే కొనాలి. చేతిలో డబ్బుంటే దళారి చెప్పిన రేటుకు తలొగ్గే అవసరం తగ్గుతుంది. కానీ బట్ట ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియదు, వాయిదా మాత్రం ఆగదు. అసలు టెన్షన్ అక్కడే. కోళ్లు, టోర్టియాలు (మొక్కజొన్న రొట్టెలు), చిల్లర కొట్టు అయితే డబ్బు త్వరగా తిరుగుతుంది.

ఇలాంటి చిన్న అప్పుల మీద పొరుగునున్న మెక్సికోతో సహా ఆరు దేశాల్లో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనాల్లోనూ వ్యాపారం కొంత పెరిగింది గానీ, ఇంటి ఆదాయం పెద్దగా మారలేదు.