చక్కెర నీళ్లు తాగి తేరుకున్నాక షుగర్ మళ్లీ ఎందుకు డౌన్ అయింది?

దేవరకొండలో ఉన్న మీ అమ్మకు ఒక్కపొద్దు నాడు చెమటలు పట్టి వణుకు వచ్చిందని, చక్కెర నీళ్లు తాగించినా తేరుకోవడానికి చాలాసేపు పట్టిందని, సాయంత్రం మళ్లీ అట్లనే అయిందని రాశారు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన గోళీ వేసుకుంటున్నారన్నారు కదా, కారణం అందులోనే ఉంది.

గ్లిమిపిరైడ్ తిన్నా తినకున్నా ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది, ఆ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. తాగించిన చక్కెర ఖర్చవగానే మళ్లీ పడిపోవడం అందుకే. పెద్దవయసులో, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే ఇంకా ఎక్కువసేపు లాగుతుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించారా?

ఇక వోగ్లిబోస్. మనం వాడే చక్కెర పేగులో గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతేనే రక్తంలో కలుస్తుంది. ఆ విడిపోవడాన్నే ఈ మందు అడ్డుకుంటుంది, చక్కెర నీళ్లు తాగినా తేరుకోవడానికి చాలాసేపు పట్టింది అందుకే. గ్లూకోజుకైతే విడిపోవాల్సిన పని లేదు. కాబట్టి మెడికల్ షాపులో ఫ్లేవర్ లేని సాదా గ్లూకోజు పొడి కొని ఇంట్లో పెట్టండి. షుగర్ చూసే మిషన్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే 15 గ్రాములు, అంటే నిండుగా మూడు టీ స్పూన్లు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. 70 దాటాక అన్నమో జొన్నరొట్టెనో తినాలి. స్ట్రిప్పులు లేకపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు, లక్షణాలు చూసి ఇచ్చేయండి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల అందులోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఆ సమయంలో అది పనికిరాదు.

స్పృహ తప్పితే నోట్లో ఒక్క చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. దవాఖానలో నరానికి గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చుని ఇంటికి పోదామంటారు, దయచేసి తొందరపడకండి. ఈ గోళీ వేసుకునేవాళ్లను ఒక రోజైనా ఉంచి, మధ్యమధ్యలో షుగర్ చూస్తుండాలి.

గోళీ మీ అంతట మీరు ఆపేయకండి. జరిగిందంతా డాక్టరుకు చెప్పండి, ఒక్కపొద్దు నాడు ఏది మానాలో, ఎంత తగ్గించాలో ముందే రాయించుకోండి. బీపీకి మెటోప్రొలాల్ లాంటిది వాడుతుంటే షుగర్ పడిపోయినా వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

ఇంట్లో షుగర్ ఉన్న మగవాళ్లుంటే వాళ్లకూ ఒక మాట చెప్పండి: పరగడుపున కల్లు తాగితే కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయలేకపోతుంది, షుగర్ పడిపోవచ్చు. వాసన చూసి "కల్లు ఎక్కువైంది, పండుకోనీ" అని వదిలేస్తారు. అట్లా పడిపోయినవాళ్లకు ముందు వేలికి పొడిచి షుగర్ చూడండి.